వంటయింటి యంత్రము: కొనుటకు ముందు విచారింపదగిన సంగతులు

కోతలు ముగిసి, ధాన్యపు సొమ్ము చేతికందు దినములలో మన గ్రామములకు వర్తకులు వచ్చుట క్రొత్త గాదు. పూర్వము గాజుల మలారములవారును, చీరల మూటలవారును, ఇత్తడి సామానులవారును వచ్చెడివారు. ఇప్పుడు రచ్చచెట్టు క్రింద వ్యాను ఆగుచున్నది. అందుండి యొక యువకుడు బల్ల దించి, దానిపై నిగనిగలాడు యంత్రము నొకదానిని నిలిపి, క్యారెట్టును గొట్టములోనికి త్రోయును. కన్ను మూసి తెరచునంతలో అది బిళ్లలు బిళ్లలై గిన్నెలో రాలును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. దీని పేరు ఫుడ్ ప్రాసెసరు. ఇది తరుగును, కోరును, నూరును, పిండి కలుపును, రసము తీయును. ఇంటికి ఇదొక్కటి యున్న చాలునని యతడు చెప్పును. చేత సొమ్ము లేదన్నవారికి వాయిదాల కాగితము చూపును.

గత రెండు మాసములలో మన సంఘ కార్యాలయమునకు ఎరువుల కొరకు వచ్చిన సభ్యులలో అయిదారుగురు, తమ పని ముగిసిన పిమ్మట గుమ్మము దగ్గర ఆగి, ఈ యంత్రము కొనవచ్చునా యని మమ్మడిగిరి. పైరుపంటలకును పరపతికిని ఉద్దేశింపబడిన పత్రికలో వంటయింటి సామాను గొడవ యేల యని కొందరు నవ్వవచ్చును. కాని నాలుగైదు వేల రూపాయలు మొదలుకొని పదివేలు దాటువరకు వెలగల వస్తువిది. అంతకంటె ముఖ్యమేమనగా, అది పనిచేయని నాడు ఆ పని తిరిగి ఎవరి భుజములపై పడునో మనమందరము ఎరిగినదే.

ఈ విషయమున మాకు బుద్ధి వచ్చిన విధము చెప్పెదము. దానివలన మా గౌరవము కొంత తగ్గినను తగ్గుగాక.

మూడేండ్ల క్రిందట సంక్రాంతికి పదిదినములు ముందు, పట్టణమున నొక దుకాణములో మేమిట్టి ఫుడ్ ప్రాసెసరునే కొంటిమి. దానితో తొమ్మిది ఉపకరణములు వచ్చినవి. రంగు బాగున్నది, పెట్టె పెద్దది, పైగా పండుగ తగ్గింపు. ఇంటిలో నెవ్వరిని అడుగలేదు. ఆశ్చర్యపరుప వలెనని మా యుద్దేశము. మొదటి నాలుగు దినములు అందరును దానిచుట్టు చేరి దోసకాయలు తరిగిరి. కనుమనాడు తెల్లవారుజామున గారెలకై మినపపప్పు రుబ్బవలసి వచ్చెను. కనుమనాడు మినుము తినుట మన ఆచారము. ఇంట అల్లుడు కూడ నుండెను. పప్పు గిన్నెలో వేసి మీట త్రిప్పగా బ్లేడు తిరిగెను, పప్పు మాత్రము గిన్నె యంచులకు అంటుకొని కదలక నిలిచెను. గరిటెతో త్రోసి మరల త్రిప్పితిమి. ఇట్లు నాలుగైదు మారులైన పిదప, యంత్రము మూలుగుటయు, కాలిన లక్కవంటి వాసన వచ్చుటయు, సన్నని పొగ వెడలుటయు నొక్కమారే జరిగినవి.

మా ఇంటి రుబ్బురోలు అప్పటికి కొన్నేండ్లుగా పశువుల కొట్టమునొద్ద దూడలకు నీళ్లు పోయుటకు ఉపయోగపడుచుండెను. దానిని కడిగి, తోమి, పొత్రమును వెదకి తెచ్చి, అరువది యేండ్లు దాటిన మా తల్లిగారును మా ఇల్లాలును వంతులవారీగా కూర్చుండి రెండు శేర్ల పప్పు రుబ్బిరి. గారెలు దివ్యముగా నుండెనని అల్లుడు మెచ్చుకొనెను. మా తల్లిగారి కుడిభుజము తరువాత ఇరువది దినములు పైకి లేవలేదు.

పండుగ వెళ్లిన పిమ్మట యంత్రమును పట్టణమునకు కొనిపోగా, మరమ్మతు కేంద్రము అచ్చట లేదనియు, జిల్లా కేంద్రమున నున్నదనియు చెప్పిరి. అక్కడికి పోగా, అధికభారము వేయుటచేత కాలినది గావున హామీ వర్తింపదనిరి. హామీపత్రముపై దుకాణపు ముద్రయు తేదీయు లేవని మరియొక దోషము చూపిరి. ముద్ర వేయించుకొనకపోవుట మా తప్పు. మోటారు మార్చుటకు వారడిగిన సొమ్ము యంత్రపు వెలలో సగమునకు మించెను. తుదకు దానిని, మన బావి మోటార్లకు వైండింగు కట్టు మిస్త్రీ దగ్గరకు తెచ్చితిమి. అతడు అడుగుభాగము విప్పి, నల్లబడిన తీగను గోటితో గీకి మాకు చూపి, “ఇది రాగి కాదండీ, అల్యూమినియము. ఏమండీ, మొన్న బోరుకు మోటారు కొన్నప్పుడు నన్ను వెంటబెట్టుకొని పోయినారు. తీగ ఏమిటి, ఎన్ని వోల్టులకు లేచును, సామాను ఎక్కడ దొరకును అని నూరు ప్రశ్నలు వేసినారు. దీనికి ఒక్కటైన వేయలేదా?” అనెను.

వేయలేదు. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, సుళ్లు లెక్కపెట్టి, నలుగురిని సంప్రదించు మనము, వంటయింటి యంత్రమును మాత్రము పెట్టెమీది బొమ్మ చూచి కొనుచున్నాము. అదియును మోటారే. మనకు మోటారు సంగతి బాగుగనే తెలియును. ఆ తెలివిని గడప దాటించి లోపలికి తీసుకొనిపోవుటయే కావలసినది.

అన్నిటికంటె ముందు విచారింపవలసినది, మన వంటయింట ఏ పని యెంత జరుగుచున్నదను విషయము. ఫుడ్ ప్రాసెసరు పుట్టినది ఫ్రాన్సు దేశమున. అచ్చటి హోటళ్ల వంటశాలలలో కూరలు తరుగుటకును, మాంసము కొట్టుటకును, పిండి పిసుకుటకును 1960వ దశకమున పియేర్ వెర్డాన్ అనునతడు దానిని కల్పించెను. 1973లో అమెరికా దేశమున గృహములకై విక్రయమునకు వచ్చెను. ఆ దేశముల వంటలో తరుగుట, కోరుట, పిండి కలుపుట ముఖ్యము. వెడల్పైన గిన్నె, అడుగున వంకరబ్లేడు, పైన తరుగుడు చక్రములు గల ఆ యంత్రము ఆ పనులకు మిక్కిలి యోగ్యమైనది. దానిని నిందించుట మా యభిమతము గాదు. దినమును ముప్పది నలువది చపాతీలు కాల్చు ఇండ్లకును, వంటల ఒప్పందములు పట్టువారికిని, వ్రేళ్ల కీళ్లనొప్పులచే కత్తిపీట పట్టలేని పెద్దలున్న ఇండ్లకును అది మేలే చేయును. గోధుమపిండి రెండు నిమిషములలో ముద్దయగును.

కాని మన ఇండ్లలో జరుగు పనియేది? గోంగూర పచ్చడి, దోసకాయ పచ్చడి, కొబ్బరి పచ్చడి, అల్లము వెల్లుల్లి ముద్ద, కూరపొడులు, పెసరట్టుపిండి, గారెలపిండి, ఇడ్డెనలపిండి, దోసెలపిండి. ఇందు తరుగుడు పని యెక్కడ? వంకాయ, బెండకాయ తరుగుట కత్తిపీటకు పదినిమిషముల పని. యంత్రమున తరిగిన పిదప గిన్నె, మూత, చక్రము, గొట్టము, త్రోపుడు కర్ర అను అయిదు వస్తువులు తోముకొనవలెను. ఆవకాయ ముక్కల సంగతి మేము దుకాణమున అడిగితిమి. కొట్టవచ్చునని అచ్చటి యువకుడు ధైర్యముగా చెప్పెను. టెంకతో కూడ మామిడికాయను నరుకవలెనని పాప మతనికి తెలియదు. దానికి బల్లకు బిగించిన మామిడికాయల కత్తియే దిక్కు.

మన నూరుడు పని రెండు తెగలు. ఒకటి కొద్దిపాటిది, దినదినము జరుగునది: పచ్చళ్లు, ముద్దలు, పొడులు. దీనికి మిక్సీ చాలును. మిక్సీ బ్లేడు బరువు లేనప్పుడు నిమిషమునకు సుమారు 18 వేలు మొదలు 20 వేల చుట్లు తిరుగును. ఇరుకైన జారులో పదార్థము సుడి తిరిగి మరల మరల బ్లేడు మీదికి వచ్చును గనుక ఏడెనిమిది చెంచాల పచ్చడికిని పనికివచ్చును. ఫుడ్ ప్రాసెసరు వెడల్పు గిన్నెలో అంత కొద్ది పదార్థము అడుగున చెదరిపోవును. నీరెక్కువైన నడిమి కంబమునొద్దనుండి కారిపోవును. మా కనుమనాటి అనర్థమునకు మొదటి కారణమిదియే. ఆ గిన్నె తరుగుట కేర్పడినది గాని రుబ్బుట కేర్పడినది గాదు.

రెండవ తెగ పప్పు రుబ్బుట. ఈ విషయమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన మనలో అనేకులము వరిమాగాణిలో మినుము చల్లు వారము. ఆ పప్పు గుణము మనకంటె నెవరికి తెలియును? గారెలపిండికి నీరు బహు తక్కువగా నుండవలెను. నీరు తక్కువైన మిక్సీలో పిండి అంచులకు అంటుకొని నడుమ బ్లేడు ఊరక తిరుగును. నీరు పోసిన గారె నూనె త్రాగును. ఇడ్డెనలపిండికి మరియొక సూక్ష్మము కలదు. అతివేగముగా తిరుగు బ్లేడువలన పిండి వేడెక్కును. మెత్తని పిండిని రాత్రి పులియజేసి పొంగించునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వేడి మిక్కుటమైన అవి నశించును, పిండి పొంగదు. రాయి మెల్లగా నలిపి, గాలిని పొరలు పొరలుగా పిండిలోనికి చేర్చును. రుబ్బురోటి పిండి తేలికగా నుండుటకు రహస్యమిదియే. విద్యుత్తుతో నడచు గ్రైండరు ఈ రోటి పద్ధతినే అనుసరించినది. 1955లో కోయంబత్తూరునందు పి. సభాపతి అనువారు దీనిని కనిపెట్టిరి. ఆ పట్టణపు గ్రైండర్లకు 2005-06 సంవత్సరమున భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. రోటిలో పొత్రము తిరుగును, రోలు నిలుచును. గ్రైండరులో గిన్నె తిరుగును, రాళ్లు తమ తావున పొరలుచుండును. భేదమంతయు నింతియే.

ఇచ్చట నొక లెక్క చూడుడు. మన ఇడ్డెనలకు బియ్యము రుబ్బము; ఒక పాలు పప్పు రుబ్బి, రెండుపాళ్లు రవ్వ కడిగి కలిపెదము. కావున అరవదేశపువారికంటె మనకు రుబ్బవలసిన బరువు తక్కువ. అయిదారుగురున్న ఇంటికి రెండు లీటర్ల బల్లమీది గ్రైండరు చాలును. ఉమ్మడి కుటుంబమువారు, పండుగలకు పదిమంది వచ్చువారు పెద్దదానిని విచారించిన విచారింపవచ్చును. వారమునకొక్కమారు మాత్రము ఇడ్డెనలు తినువారికి గ్రైండరే అక్కరలేదు. మంచి మిక్సీలో చల్లని నీరు చిలుకరించుచు, నడుమ నడుమ ఆపుచు రుబ్బిన పని గడచును. వారానికి మూడునాళ్లు రుబ్బు ఇంట మాత్రము మిక్సీని ఆ పనికి పెట్టుట, లేగదూడకు కాడి కట్టుటయే.

ఎండుమిరపకాయలు, పసుపుకొమ్ములు, బియ్యపుపిండి ఇంటి యంత్రములకు పెట్టవలదు. వానికి పిండిమర యున్నది. పసుపుకొమ్మువలన మిక్సీ బ్లేడు విరిగిన ఇండ్లు మన గ్రామముననే కొన్ని కలవు.

ఇక మోటారు. దుకాణములలో 500, 750, 1000 వాట్లని చెప్పుదురు. వాట్లెక్కువైన కరెంటు బిల్లు పెరుగునని కొందరి భయము. అది వట్టిది. 750 వాట్ల మిక్సీ పదినిమిషములు నడచినచో వ్యయమగునది యూనిటులో ఎనిమిదవ వంతు మాత్రమే. 150 వాట్ల గ్రైండరు అరగంట నడచినచో అంతకును తక్కువ. కావున వాట్ల విషయమున చూడవలసినది బిల్లు గాదు, బలము. పచ్చళ్లకు మాత్రమైన 500 చాలును. అప్పుడప్పుడు పప్పు రుబ్బువారు 750కి తగ్గరాదు. తీగ రాగిదా అల్యూమినియమా యని అడిగి, రాగిదైన ఆ మాట బిల్లుమీద వ్రాయించుడు. వ్రాయుటకు దుకాణదారు వెనుకాడిన, మీకు జవాబు దొరకినట్లే. యంత్రపు అడుగున అంటించిన రేకుపై మరియొక సంగతి యుండును: కొన్నిటిపై, 5 నిమిషములు నడిపి 2 నిమిషములు ఆపుచు మొత్తము 30 నిమిషములు అని యుండును. మా యంత్రముపై నిట్టిదే యుండెను. కాలిన తరువాత చదివితిమి. అదే తావున ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదేమో చూడుడు. మిక్సీలకు భారతీయ ప్రమాణపు సంఖ్య ఐ.ఎస్. 4250. ముద్రక్రింది లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో, చరవాణిలో బి.ఐ.ఎస్. కేర్ అను యాప్ తెరచి అచ్చటనే సరిచూచుకొనవచ్చును. మన పిల్లలు ఆ పని అరనిమిషములో చేసి చూపుదురు.

వోల్టేజి సంగతి పట్టణవాసులకంటె మనకు ముఖ్యము. ఇంటికి రావలసినది 230 వోల్టులు. సాయంకాలము అందరును దీపములు, ఫ్యానులు, టీవీలు పెట్టువేళ మన వీధిచివరి ఇండ్లలో అది ఎంతకు దిగునో, ఏ గడియలో దిగునో చూచి తెలిసికొనుడు. మిస్త్రీల దగ్గర కొలుచు మీటరుండును. గ్రైండరు మోటారుకును బావి మోటారుకును జాతి యొక్కటే. వోల్టేజి 230 నుండి 180కి దిగినచో దాని త్రిప్పుడు బలము నూటికి 61 పాళ్లకు పడిపోవును. అనగా అయిదుగురు మోయవలసిన బస్తాను ముగ్గురిపై పెట్టుట. మోటారు మూలుగుచు కదలక నిలుచును. నిలిచిన మోటారు కాలుట కెంతసేపు పట్టదు. బోరు స్టార్టరు దగ్గర ఈ మూలుగు వినినచో మనము పరుగున పోయి ఆపుదుము. అదే మూలుగు వంటయింట వినబడిన, “ఇంకొంచెము త్రిప్పి చూడు” మందుము. మిక్సీ మోటారు వేరు జాతిది, కార్బను బ్రష్షులతో నడచునది. అదియు తక్కువ వోల్టేజిలో నెమ్మదించును. లోని చల్లార్చు ఫ్యాను కూడ దానితో నెమ్మదించును గావున వేడి లోపలనే నిలుచును. పప్పును మధ్యాహ్నమున నానబెట్టి రాత్రి ఏడింటికి రుబ్బుటకు మారుగ, మూడింటికే రుబ్బుకొనిన యంత్రమునకును మేలు, మనిషికిని మేలు.

ఒక్క విషయమున మేము కటువుగ మాటలాడుదుము. మన ఇండ్లలో అనేకములందు మూడు కాళ్ల ప్లగ్గు పట్టుటకు తగిన బోర్డు లేదు. ఉన్నను ఎర్తు తీగ నేలలోనికి దిగలేదు. గ్రైండరు గిన్నె ఇనుపజాతి, చుట్టును నీరు, ఇల్లాలి చేయి తడి, పాదములు తడినేలపై. లోన తీగపొర యొకచోట చిరిగినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. పొలమున స్టార్టరుడబ్బీ తాకి పోయినవారిని మనము ఎరుగుదుము. యంత్రమునకు ముందు ఎర్తు వేయించుడు. 30 మిల్లీఆంపియర్లకు తెగు రక్షక స్విచ్చి బోర్డులో పెట్టించుడు. సొమ్ము చాలని యెడల, యంత్రమును వచ్చు సంవత్సరమునకు వాయిదా వేయుడు.

చిన్న జాగ్రత్త మరియొకటి. వేయించిన టమాటాలు, పచ్చిమిరపకాయలు వేడివేడిగ మిక్సీలో వేసి మూత బిగించరాదు. ఆవిరి మూతను ఎగురగొట్టి ముఖమున చిమ్మును. చల్లారనిండు.

మరమ్మతు విషయమై ఒక కథ చెప్పుదురు. బొంబాయిలో సత్యప్రకాశ మాథుర్ అను ఇంజనీయరుండెను. ఆయన భార్య మాధురిగారి దగ్గర జర్మనీ దేశపు మిక్సీ యొకటి కలదు. మన పప్పుల దెబ్బకు దాని మోటారు కాలిపోయినది. ఈ దేశమున బాగుచేయు దారి దొరకలేదు. అప్పుడాయన, మన నూరుడుకు తాళగల యంత్రమును తానే చేసెదనని పూని, 1960వ దశకమున సంస్థ నొకదానిని నెలకొల్పి, సుమీత్ అను పేర మిక్సీని వెలువరించెను. ఇంజనీయరు గనుక ఆయన తానే యంత్రము చేసికొనెను. మనము అట్లు చేయలేము గావున, బాగుచేయువాడు సమీపమున నున్న యంత్రమునే కొనవలెను.

దీనికి మేము చెప్పు ఉపాయము సులభము. దుకాణమునకు పోవుటకు ముందు మండల కేంద్రమున మిక్సీలు బాగుచేయువాని దగ్గర పది నిమిషములు కూర్చుండుడు. ఆతని అరలో ఏ కంపెనీ కప్లర్లు, బ్రష్షులు, బుష్షులు, గ్రైండరు బెల్టులు వ్రేలాడుచున్నవో చూడుడు. ఏవి తరచుగ వచ్చుచున్నవో, ఏవి వచ్చినను ఆయన చేతులెత్తునో అడుగుడు. ఆయనకు అమ్ముకొనవలసిన సరకు లేదు గనుక దాపరికము లేదు. కప్లరు అరుగునది, విరుగునది. నిజమునకు మోటారును కాపాడుటకే అది ముందు విరుగును. కొద్ది సొమ్ముతో పోవును. జారు అడుగున బుష్షు అరిగిన నల్లని జిడ్డు పచ్చడిలోనికి దిగును. అట్టి జారును వెంటనే బాగుచేయించ వలెను. ఈ చిన్న వస్తువులు దొరకని యంత్రము ఎంత గొప్పదైనను మనకు వలదు. తొమ్మిది ఉపకరణములున్న దానికి తొమ్మిది చోట్ల సామాను వెదకవలసి యుండును.

గ్రైండరు క్రొత్తగా తెచ్చినవారు మొదటి రెండు మూడు మారులు నానిన నూకలు రుబ్బి పారవేయవలెను. రాతిపొడి యుండును గనుక దానిని పశువులకును పెట్టరాదు.

కాగితములను గూర్చి కొంచెము. బిల్లు తీసుకొనుడు, హామీపత్రముపై ముద్రయు తేదీయు వేయించుడు, రెంటికిని చరవాణిలో బొమ్మ తీసి ఉంచుడు. బిల్లులేని తగ్గింపు తగ్గింపు గాదు. అన్యాయము జరిగినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనులో రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షలలోపు కొనుగోలుకు రుసుము లేదు, వకీలు లేకున్నను మనమే చెప్పుకొనవచ్చును. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. మేమా పని చేయలేదు, సిగ్గుచేత ఊరకుంటిమి. వాయిదాల కాగితములో వడ్డీ లేదని వ్రాసియున్నను, ప్రారంభ రుసుము పేర ఎంత కోసిరో కూడిక వేసి, రొక్కపు వెలతో పోల్చిచూడుడు.

అమెరికాలోని పిల్లలకు ఇక్కడినుండి మిక్సీలు పంపువారు మన సభ్యులలో ఇప్పుడు ఉన్నారు. అచ్చటి కరెంటు 120 వోల్టులు. ఇక్కడి 230 వోల్టుల యంత్రము అక్కడ సరిగా తిరుగదు. ఆ దేశపు వోల్టేజికని ప్రత్యేకముగ చేసినదానినే అడిగి కొనవలెను.

ఇప్పుడు తుదిమాట గాదు గాని, మేము తుదిని నేర్చిన మాట చెప్పెదము. కనుమ గడచిన రెండు మాసములకు మరల యంత్రము కొనబోవుచు, ఈమారు మా తల్లిగారిని, ఇల్లాలిని వెంటబెట్టుకొని పోతిమి. దుకాణదారు వాట్లు, హామీలు ఏకరువు పెట్టుచుండగా మా తల్లిగారు అవి వినలేదు. తిన్నగా గ్రైండరు దగ్గరకు పోయి, లోని రాళ్ల చట్రమును రెండు చేతులతో ఎత్తి చూచిరి. ఎత్తలేక దింపి, “నాయనా, రుబ్బుట దానిపని సరే. కడుగుట నాపని గదా. ఇంత బరువు నేనెట్లు ఎత్తుదును? దీనికంటె చిన్నది లేదా?” అనిరి. మా ఇల్లాలు మిక్సీ జారు మూతను చేయి తడిచేసికొని తెరచి చూచినది. రెండు రకములు జారిపోయినవి, మూడవది వచ్చినది. మేము నలువదియేండ్లుగా మోటార్లను చూచుచున్నను ఈ రెండు పరీక్షలు మా తలకు తట్టలేదు. ఆ దినమున తేలికైన రాళ్లుగల రెండు లీటర్ల గ్రైండరును, మూడు జారుల 750 వాట్ల మిక్సీని తెచ్చితిమి. గ్రైండరును ఎత్తైన అరుగుపై గాక, మోకాలియెత్తు బల్లపై, గోడనుండి జానెడు ఎడముగ నిలుపుమని మా తల్లిగారే చెప్పిరి. రెండేండ్లు దాటినది, ఒక బెల్టును, ఒక కప్లరును మాత్రము మార్చితిమి. పాత ఫుడ్ ప్రాసెసరు గిన్నెలో ఇప్పుడు కోళ్లకు నూకలు పోయుచున్నారు. తరుగుడు చక్రముతో మాత్రము, మిస్త్రీ వేరు మోటారు తగిలించి యిచ్చిన మీదట, వడియములకై బూడిదగుమ్మడి కోరుచున్నాము. ఆ పనికి దానిని మించినది లేదు.

పెండ్లిండ్లకును, ఊరి సంతర్పణలకును పెద్దగ్రైండరు ప్రతియింటను అక్కరలేదు. వంచి పిండి దింపుకొను అయిదులీటర్ల గ్రైండరు నొకదానిని మహిళా పొదుపు సంఘమువారు కొని అద్దెకిచ్చు ఆలోచన మన గ్రామమున నడచుచున్నది. వారు అడిగిన యెడల లెక్కలు వేయుటకు మేము సహాయపడుదుము.

వచ్చు నెల సభ్యుల సమావేశమునకు పైన చెప్పిన మిస్త్రీని రమ్మని కోరితిమి. రాగి తీగ మోటారు నొకదానిని, అల్యూమినియము తీగదానిని, కాలినదానిని విప్పి తెచ్చి చూపెదనని యతడు ఒప్పుకొనెను. తమ యింట మూలపడిన మిక్సీలున్నవారు వానిని తేవచ్చును. చూచి చెప్పుటకు రుసుము లేదు. సభ్యులు తమ యింటి స్త్రీలను తప్పక వెంటబెట్టుకొని రావలెను. వారికి అనుకూలముగ నుండుటకై సమావేశమును ఈమారు సాయంకాలము గాక మధ్యాహ్నము రెండు గంటలకు ఏర్పాటు చేసితిమి.